వంతెన మీద నిద్రపోయే మేడం

ఈ నెలాఖరుకు మేడం పాత్ర మా ఆన్‌లైన్ ఆటలోంచి మాయమైపోతుంది. కొంతకాలం ఎవరూ తెరవని ఖాతాను కంపెనీ తీసేస్తుంది, అది వాళ్ళ నియమం. ఆ లోపు మనం ఒక పని చెయ్యాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మేడం పోయారన్న కబురు నాకు తార్నాక మెట్రో మెట్ల దగ్గర అందింది. ఆమె ఇంటి కింది వాటాలో ఉండే ఆంటీ ఫోన్ చేసి, "మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నారమ్మా, టీకి లేపితే లేవలేదు" అన్నారు. నేను "సరే ఆంటీ" అన్నాను. ఫోన్ సంచిలో వేసుకుని, పైకెక్కి, కార్డు చూపించి లోపలికి వెళ్ళాను. రైళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. నేను వెళ్ళాల్సింది వెనక్కి, మేడం ఇంటికి అని చాలాసేపటికి గాని తోచలేదు.

ఈ పత్రికను ఆట ఆడనివాళ్ళు కూడా చదువుతారు కాబట్టి కొంచెం చెప్పాలి. మా ఆటలో రెండు వర్గాలు, కొండవాళ్ళు, నదివాళ్ళు. మధ్యలో ఒక వంతెన. అసలు కథ కంపెనీ రాస్తుంది. తెలుగువాళ్ళం ఆడే లోకంలో మాత్రం మా కథలు మేమే రాసి కలుపుకోవచ్చు. ఏది కలపాలో, ఏది వద్దో తేల్చే పనికి రెండు వర్గాలూ కలిసి మేడంను ఎన్నుకున్నాయి. ఆమె కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఈ వయసులో ఈ ఆటేంటని అడిగితే, "మోకాళ్ళతో బయట తిరగలేను. అక్కడైతే గుర్రముంది" అనేవారు.

నేను కొండ వర్గం. కంపెనీ కథలో నదివాళ్ళకు గ్రంథాలయాలు, పాటలు, రాణులు. మాకు గొడ్డళ్ళు. ప్రతి కథలోనూ గ్రంథాలయం తగలబెట్టేది మేమే. పీజీలో చేరిన కొత్తలో హాస్టల్ స్నేహితులతో సరదాగా మొదలుపెట్టిన ఆట నాకు ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. ఒక ఆదివారం పొద్దున ఫిర్యాదు పట్టుకుని మేడం ఇంటికే వెళ్ళాను.

"మేడం, మేం కొండోళ్ళం ఎప్పుడూ మొరటోళ్ళమే ఉండాల్నా? సదువు రానిది మాకే, పుస్తకాలు కాలవెట్టేది మేమే. గిదేం న్యాయం?"

ఆమె ఉల్లిపాయలు తరుగుతున్నారు. తల ఎత్తలేదు. "అన్యాయమే. ముందు వాళ్ళ కథ చెప్పు. తర్వాత నీ కోపం విందాం."

"వాళ్ళ కథ నేనెందుకు చెప్తా?"

"ఇక్కడి పద్ధతి అంతేనమ్మాయ్. నువ్వు చెప్పింది విని అవతలివాడు 'ఆ, ఇదే మాది' అనాలి. అప్పటిదాకా ఫిర్యాదు లేదు."

అవతలివాడు అప్పటికే దివాన్ మీద కూర్చుని ఉన్నాడు. విద్యానగర్ అబ్బాయి, నది వర్గానికి పెద్ద. అతను కూడా మామీద ఫిర్యాదుతోనే వచ్చాడట. పోట్లాడుకునేవాళ్ళు ఆ దివాన్ మీద పక్కపక్కనే కూర్చోవాలి, ఉప్మా తినాలి. అదీ పద్ధతే.

"మీరు ఉన్నోళ్ళు. నది మీది, పుస్తకాలు మీవి" అన్నాను.

"కాదండి. అది మీకు పైనుంచి కనిపించేది."

"మీకు గర్వమెక్కువ."

"అది తిట్టే, కథ కాదండి."

"ఉప్మా చల్లారిపోతోంది" అన్నారు మేడం, మా గొడవ తనది కాదన్నట్టు.

తింటూ ఆలోచించాను. ఆటలో ప్రతి వానాకాలం నది పొంగుతుంది. వాళ్ళ ఇళ్ళన్నీ కొట్టుకుపోతాయి, మళ్ళీ మొదటినుంచి కట్టుకుంటారు. "మీ ఊరు ఏటా మునుగుతది" అన్నాను మెల్లగా. "ఏం మిగలదు. అందుకే పుస్తకాలు ఎత్తు స్తంభాల మీద పెట్టుకుంటరు. గవి గూడ మేం కాలవెడితే మీకింక ఏం లేదు."

అతను చెంచా పళ్ళెంలో పెట్టాడు. "ఆ. అదే."

తర్వాత అతని వంతు. చాలా తడబడ్డాడు. నేను రెండుసార్లు కాదన్నాను, రెండోసారి కాస్త కావాలనే. చివరికి అన్నాడు: "మీ గుహల్లో గోడల నిండా గీతలుంటాయి కదా. మేం వాటిని పిచ్చిగీతలంటాం. అది మీ రాతేమో. చదవడం రానిది మాకేమో."

మా అమ్మకు అక్షరాలు రావు. మేకలు చూలు కట్టిన రోజులు గుర్తుండేందుకు గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. ఒక్క గీత తప్పేది కాదు. ఆ సంగతి చెప్పాను. మేడం కత్తిపీట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, "అది రాయి. కొండవాళ్ళ కథ అక్కడ మొదలుపెట్టు" అన్నారు. రాశాను. నదివాళ్ళు ఒక్క మాట కూడా తీసెయ్యమనలేదు.

ఆ తర్వాత పొద్దుటి పూట మా క్యాంపస్‌లో ఆమె మోకాళ్ళు సాగినంత దూరం కలిసి నడిచేదాన్ని. గేటు దగ్గర ఉప్పూకారం చల్లిన జామకాయ కొనుక్కుని, రాతి మెట్ల మీద కూర్చుని, మా ఆట వాట్సాప్ గ్రూపులో ఎవరెవరు కొట్టుకున్నారో నాతో చదివించుకునేవారు. నేను వెంటనే జవాబు పెట్టబోతే, "కోపంగా ఉన్నప్పుడు టైపు చెయ్యి. టీ తాగాక పంపు" అనేవారు. టీ తాగాక నేను పంపినవి తక్కువ.

ఆట నుంచి బయటికి వచ్చాక మన పాత్ర అక్కడే నిద్రపోతూ కనిపిస్తుంది. అందరం ఎవరి కోటలో వాళ్ళం పడుకుంటాం. మేడం మాత్రం ప్రతిసారీ వంతెన నడిమధ్యకు వెళ్ళి, లాంతరు పక్కన పెట్టుకుని పడుకునేవారు. నిద్రపోయేవాళ్ళను ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. ఆమెను ఏనాడూ ఎవరూ ముట్టుకోలేదు.

ఆమె పోయిన మర్నాడు మా కొండ వర్గంవాళ్ళు కొందరు ఆమెను ఎత్తుకెళ్ళి మా కోటలో పడుకోబెట్టారు. చుట్టూ దీపాలు పెట్టారు. నదివాళ్ళు వంతెనకు తమ వైపు గోడ కట్టేశారు. గ్రూపులో మాటలు చదవలేకపోయాను. విద్యానగర్ అబ్బాయి ఒక్క వాక్యం పెట్టాడు: "చనిపోగానే మీ వర్గమైపోయారా ఆమె?" తమ లోకం వేరు పెట్టుకుంటామని నదివాళ్ళు అంటున్నారు.

అమ్మ ఫోన్ చేసింది.

"ఎవలు బిడ్డా పోయింది?"

"మేడం."

"గా బొమ్మలాట మేడమా? ఏడ్చినవా?"

"లేదమ్మా. వస్తలేదు."

"రాకుంటే రాకపాయె. జరంత అన్నం తిను."

తిన్నాను. రుచి తెలియలేదు. ఇప్పటికీ తెలియడం లేదు. పొద్దున గేటు దగ్గర జామకాయ కొని, కోయించుకుని, చేతిలోనే పట్టుకుని హాస్టల్‌కు వచ్చేస్తున్నాను.

ఆమె పద్ధతి ఒక్కటే నాకు తెలుసు. కొండవాళ్ళారా, ముందు వాళ్ళ కథ. వాళ్ళకు ఏటా అన్నీ కొట్టుకుపోతాయి. మిగిలినదాన్ని ఎత్తు మీద పెట్టుకుని కాపాడుకునే అలవాటు వాళ్ళది. ఈసారి వాళ్ళకు మిగిలింది వంతెన మీద ఉండింది. దాన్ని మనం తెచ్చేసుకున్నాం. నదివాళ్ళారా, మా కథ కూడా వినండి. మా కథలో మమ్మల్ని మనుషులుగా నిలబెట్టింది ఆమె. పోయిన మనిషిని గాలికీ వానకీ వదిలెయ్యడం మావాళ్ళకు చేతకాలేదు. అంతకుమించి ఏమీ లేదు. నేను చెప్పింది మీ కథ కాకపోతే కాదనండి, మళ్ళీ చెప్తాను.

ఆమె పాత్ర మాయమయ్యేలోపు తిరిగి వంతెన మధ్యలో పడుకోబెట్టాలి. తల వైపు నేను పట్టుకుంటాను. కాళ్ళ వైపు నది వర్గం నుంచి ఒకరు కావాలి. ఇది రాసే ముందు మా కోటలోకి వెళ్ళి చూశాను. మావాళ్ళు పెట్టిన దీపాలు ఆరిపోయాయి. ఆమె పక్కన ఆమె లాంతరు మాత్రం వెలుగుతోంది. నది వైపు నుంచి ఎవరు వస్తారో ఈ నెల ఇరవై ఐదో తేదీ లోపు నాకు రాయండి. టీ తాగాకే రాయండి.