చూడకుండా పెట్టిన సంతకం

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఫిబ్రవరిలో, ఐర్లాండులో ములింగార్ దగ్గర వృద్ధులుండే ఒక నర్సింగ్ హోమ్‌లో కింది అంతస్తు బాధ్యత నాకు అప్పగించారు. హోదా క్లినికల్ నర్స్ మేనేజర్. మన ఆసుపత్రుల్లో వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్ లాంటిది. ఇరవై ఇద్దరు వృద్ధులు, ఉదయం షిఫ్టుకి వాళ్ళ ఒంటిపనులు చూసే కేరర్లు నలుగురు. ఎనిమిదిన్నరకల్లా అందరికీ ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, అల్పాహారానికి కూర్చోబెట్టాలి. ఆ నియమం నేను పెట్టిందే.

ఆ నలుగురిలో సునీత తెనాలి అమ్మాయి. అక్కడ నర్సుగా ఆరేళ్ళు చేసి, ఇక్కడ రిజిస్ట్రేషన్ రాక కేరర్‌గా చేరింది. జూన్ ఆఖరులోగా హెల్త్‌కేర్ అసిస్టెంట్ సర్టిఫికెట్ సంపాదించకపోతే ఆమె వర్క్ పర్మిట్ పొడిగించరు. దానికి రాతపని ఉంటుంది, పనిచేసే చోట నింపే లాగ్‌బుక్ ఉంటుంది, చివర మార్కులు వేసే అసెసర్ ఎదుట పని చేసి చూపాలి. ఆ ప్రాక్టికల్ మే నెలలో.

ఆదివారాలు చర్చి అయ్యాక మా వంటగదిలో ఆమెకి నేర్పేదాన్ని. మావారు రోగిగా కూర్చునేవారు. "నాలుగోసారి చేతులు కడుగుతున్నావమ్మాయ్, ఇక తోలు ఊడొస్తుంది" అనేవారు.

మార్కుల పట్టికలో ఒక అంశం ఉంది: రోగి చేసుకోగలిగిన పని రోగి చేతే చేయించాలి. తడిగుడ్డ రోగి చేతికిచ్చి, ఓపిగ్గా ఆగాలి. సునీతకిది మింగుడుపడలేదు.

"పెద్దాయన చేతికి గుడ్డిచ్చి నేను నిలబడి చూడాలా ఆంటీ? మా అమ్మ చూసిందంటే చెంప పగలగొడుద్ది."

"మన ఫ్లోర్‌లో అట్టా నిలబడితే టిఫిను మధ్యాహ్నానికి అందుద్ది" అన్నాను. ముగ్గురం నవ్వాం. ఆనాటి నా డైరీలో 'చేతులు కడగడం, పక్క వేయడం బాగా వచ్చాయి' అని ఉంది. ఈ అంశం గురించి ఒక్క మాట లేదు.

లాగ్‌బుక్‌లో పద్నాలుగు గడులు. ఒక్కో పనినీ పర్యవేక్షకురాలు కళ్ళారా చూశాకే సంతకం చేయాలి. నేను షిఫ్టు మారే హడావుడిలో పద్నాలుగూ ఒకే ఊపులో చేసిచ్చాను.

ప్రాక్టికల్ మా అంతస్తులోనే, నా ఎదుటే జరిగింది. రోగి టామ్, ఒకప్పటి బస్సు డ్రైవరు. పక్షవాతంతో ఎడమ చేయి పడిపోయింది, కుడి చేయి బాగానే ఉంది. సునీత తలుపు తట్టింది, తన పేరు చెప్పింది, అనుమతి అడిగింది. తర్వాత తనే చకచకా మొహం, చేతులు, వీపు తుడిచేసింది. టామ్ కుడి చేయి దుప్పటి మీదే ఉండిపోయింది.

ఎలా ఉందని అసెసర్ ఆయన్ని అడిగింది. "ఈ పిల్ల గ్రాండ్. నన్ను వేలు కూడా కదపనివ్వదు, రోజూ ఇంతే" అన్నాడు మెచ్చుకోలుగా. అసెసర్ అది రాసుకుంది. గుడ్డ ఆయన చేతికెందుకివ్వలేదని సునీతని అడిగింది. సునీత నా వైపు చూసింది. నేను ఫైలులోకి చూశాను. మర్చిపోయానని ఆమె చెప్పింది.

ఫెయిలైంది. మళ్ళీ అవకాశం సెప్టెంబరులోనే. అయితే ఆ పనిలో తగిన శిక్షణ ఇవ్వలేదని పనిచేసే చోటు నుంచి ఉత్తరం వస్తే, జూన్‌లోనే మళ్ళీ పరీక్ష పెట్టే వీలుంది. మర్నాడు సునీత నా గదికొచ్చింది.

"ఒక్క లెటర్ ఆంటీ. మన ఫ్లోర్‌లో టైముండదని రాయండి, చాలు."

రాస్తే, చూడకుండా సంతకం పెట్టానని ఒప్పుకున్నట్టే. నా నర్సు రిజిస్ట్రేషన్ మీదికి రావచ్చు. యాజమాన్యాన్ని అడుగుతానన్నాను. అడగలేదు. రెండు వారాలు ఎదురుచూసి ఆమె మళ్ళీ వచ్చింది. "అడిగారా ఆంటీ?" అంది. వాళ్ళు కుదరదన్నారని అబద్ధం చెప్పాను. జూలైలో ఆమె మస్కట్ వెళ్ళిపోయిందని వేరే కేరర్ ద్వారా తెలిసింది.

పర్యవేక్షకుల సంతకానికి 'నేను చూశాను' అనే అర్థం. 'ఈ అమ్మాయి మంచి పనిమంతురాలు' అని కాదు. ఆ తర్వాత చూడని పనికి నేనెప్పుడూ సంతకం పెట్టలేదు. తర్వాత వచ్చిన కేరర్లకి అది పనికొచ్చింది. సునీతకి కావలసింది ఒక్క ఉత్తరం. అది నేను రాయలేదు.