సోక్రటీసుకి కాళ్లు మొద్దుబారిన సాయంత్రం

కంప్యూటర్లకి రెండువేల సంవత్సరం గండం ఉందని లోకమంతా బెంగపెట్టుకున్న రోజులవి. ఆ గండం గట్టెక్కించడానికే పుట్టినట్టు మాలాంటి కుర్రాళ్లం విమానాలెక్కి సింగపూరులో దిగాం. ఊళ్లో మా నాన్నది కిరాణా కొట్టు. కొట్లో పుట్టి, కొట్లో పెరిగి, బేరమే మొదటి విద్యగా నేర్చినవాణ్ణి; కంప్యూటరు తర్వాత అంటించుకున్నది. (ఉద్యోగం ఇంటర్వ్యూలో వాళ్లు జీతం చెప్పగానే అలవాటుకొద్దీ లేచి గుమ్మందాకా నడిచాను. ఎవరూ వెనక్కి పిలవలేదు. నేనే తిరిగొచ్చి కూర్చున్నాను.) చివరికి ఆ గండం కంప్యూటర్లకి రాలేదు. నాకొచ్చింది. అదీ స్టేజీ మీద, దుప్పటి కట్టుకుని ఉండగా.

సెంబవాంగ్ ఓడల యార్డులో పనిచేసి రిటైరైన అంకుల్ ఒకాయన ఉండేవారు. తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన కుటుంబం. ఆయన తెలుగులో తమిళం ధారాళంగా కలిసేది. ఆ యేడు తెలుగువాళ్ల వార్షికోత్సవానికి ఆయనే నాటకం రాశారు. పౌరాణికమైతే కిరీటాలు, గదలు, మీసాలు అద్దెకి తేవాలి. గ్రీకువాళ్లకైతే దుప్పట్లు చాలు. అందుకని సోక్రటీసు. నేను తక్కువ మాటలున్న వేషం కావాలని బేరం పెట్టాను. "పడుకునే వేషం ఏదన్నా ఉందా అంకుల్?" అంటే, "ఉంది తంబీ, కడాన చచ్చిపోయేది ఉంది" అన్నారు. ఒప్పేసుకున్నాక తెలిసింది, ఆ చచ్చిపోయేవాడు అంతకుముందు గంటసేపు మాట్లాడతాడని.

రిహార్సల్స్‌లో ఆ సోక్రటీసు పెద్దమనిషి జీవితం వింటుంటే నాకు ఒళ్లు మండింది. బజారంతా తిరుగుతాడట, ఏమీ కొనడట, కనిపించినవాణ్ణల్లా ధైర్యమంటే ఏమిటి, న్యాయమంటే ఏమిటి అని నిలదీస్తాడట. అలాంటివాళ్లు మా కొట్టు ముందుకొస్తే నాన్న చీపురు పట్టుకుని దుమ్ము లేపేవాడు. అయితే విచారణ ఘట్టం దగ్గర మాత్రం నేను చేతులెత్తి దణ్ణం పెట్టాను. మరణశిక్ష వేస్తామంటున్నారు, బదులుగా నువ్వేం శిక్ష కోరతావని అడిగితే, నగరం ఖర్చుతో నాకు భోజనం పెట్టించండి అన్నాడట! అంత గుండె నిబ్బరంతో ఎదురుబేరం పెట్టినవాణ్ణి నేను చూడలేదు. బేరం కుదరలేదనుకోండి, అది వేరే సంగతి.

విషం గిన్నెలోకి మంచినీళ్లు చాలుగా అన్నాను. "నీళ్లు తాగితే నీ మొహం పెళ్లికొడుకులా ఉంటాది. చేదు తాగాల, అప్పుడే జనం నమ్ముతారు" అన్నారు అంకుల్. అందుకని తంజోంగ్ పగార్‌లో మా ఆఫీసు వెనక చైనా మందుల కొట్టుకి వెళ్లాను. ఒక ముసలి ఆంటీ, ముందు పెద్ద కుండలో నల్లటి కషాయం. నాటకమనీ, గంటసేపు మాట్లాడి విషం తాగే వేషమనీ చెప్పాను. ఆమె ధర చెప్పింది. నేను సగానికి అడిగాను. తల అడ్డంగా ఊపింది. నేను గుమ్మందాకా నడిచాను. "హే బాయ్, కమ్, కమ్!" అని పిలిచింది. (ఎంత సంతోషమేసిందో! ఈ దేశంలో నన్ను వెనక్కి పిలిచిన మొదటి మనిషి.) కుండ మీద మూత పెట్టేసి, తెర వెనక్కి వెళ్లి వేరే సీసా తెచ్చి నా ఫ్లాస్కు నింపింది. "ఓకే లా, దిస్ వన్ ఫర్ యూ" అని నవ్వింది.

రైలెక్కేదాకా నేను విజేతని. ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాక నాన్న గుర్తొచ్చాడు. మా కొట్లో కందిపప్పు బస్తాలు రెండు ఉండేవి, ఒకటి ముందు, ఒకటి లోపల. మరీ గీచి గీచి బేరమాడేవాడొస్తే నాన్న చల్లగా నవ్వి, "సరే, మీ మాటే కానివ్వండి" అని, నాకేసి తిరిగి "లోపలి బస్తాలోంచి పెట్టరా" అనేవాడు. ఆ లోపలి బస్తాలో పప్పెంతో పురుగంత. ఆంటీ నవ్వింది అచ్చం నాన్న నవ్వే. పైగా ఏమడిగాను నేను? విషం! విషం కావాలని వచ్చి సగం ధరకి పట్టుబట్టినవాడికి తెర వెనకనుంచి ఏం తెచ్చి పోసినట్టు?

గదికి రాగానే రూమ్మేటుకి చెప్పాను. వరంగల్ కుర్రాడు, నాటకంలో జైలు భటుడు. వాసన చూసి, "ఏం గాదన్నా. మందుల దుకాణంల విషమెందుకు అమ్ముతరు?" అన్నాడు. "అమ్మలేదురా, బేరమాడితే ఇచ్చింది!" అన్నాను. వాడికి అర్థం కాలేదు. కొట్లో పెరగనివాడికి ఎలా అర్థమవుతుంది! నాటకం రోజు చాటుగా గిన్నెలో కోక్ పోద్దామనుకున్నాను. వెళ్లేసరికి మా భటుడు విధినిర్వహణలో భాగంగా ఫ్లాస్కంతా గిన్నెలోకి వంపేశాడు. పక్కనే క్రిటో, అంటే సోక్రటీసు ప్రాణస్నేహితుడి వేషంలో అంకుల్ కాపలా.

లిటిల్ ఇండియా దగ్గరి హాలు నిండిపోయింది. ముందు వరసలో మా మేనేజరు, పిల్లాజెల్లాతో. తాగాక గిన్నె బోర్లించి జనానికి చూపించాలి, దొంగవేషాలకి వీల్లేదు. కళ్లు మూసుకుని గుక్కతిప్పకుండా తాగాను. చేదు నాలిక మీదనుంచి వెన్నులోకి దిగింది. వెంటనే నాలిక కొస మొద్దుబారింది. చెమట పట్టింది. కథ ప్రకారం బల్లమీద పడుకున్నాను, ఒక కాలు ఒంటికింద మడిచి. శిష్యులు ఏడ్చి ముగించాక భటుడొచ్చి ఆ కాలి పాదమే నొక్కాడు.

"తెలుస్తున్నదా?"

"లేదు" అన్నది నా డైలాగు. కానీ నిజంగానే తెలియలేదు! మోకాలు నొక్కాడు. అక్కడా లేదు. చలి గుండెకి చేరగానే సోక్రటీసు పోతాడని మూడు వారాలుగా బట్టీపట్టినవాణ్ణి నేనే. "ఒరేయ్, నిజంగా తెలీటం లేదురా" అన్నాను సన్నగా. వాడు వంగి, "మస్తు చేస్తున్నవన్నా, గట్లనే ఉండు" అన్నాడు. ఏసీ చల్లగాలి ఛాతీకి తగిలింది. అయిపోయింది. దేశంకాని దేశంలో, పరుపు మీది దుప్పటిలో, సగం ధరకి చచ్చిపోతున్నాను.

సోక్రటీసు ఆఖరి మాట ఒకటి మిగిలింది. వైద్యదేవుడికి కోడి మొక్కు ఉంది, మరిచిపోకుండా చెల్లించమని స్నేహితుడికి చెప్పాలి. నా నోట గ్రీకు దేవుడు రాలేదు.

"క్రిటో! మా ఊరి అమ్మవారికి కోడి! ఒకటి కాదు, రెండు... తల్లీ, మూడు!"

"తంబీ, ఒక్కటే! ఒక్కటే రాసినాను!" అని క్రిటో నా చెవిలో కంగారుపడుతున్నారు. హాల్లో ఆంటీలు పైటచెంగులతో కళ్లొత్తుకుంటున్నారు. తెర పడింది. చప్పట్ల మోతలో ఎవరో నన్ను లేపి కూర్చోబెట్టారు. ఒంటికింది కాలు బయటపడగానే చీమలు పాకినట్టు జివ్వుమంది. అంత తియ్యటి తిమ్మిరి నేనెన్నడూ ఎరగను.

మర్నాడు నిలదీద్దామని మందుల కొట్టుకి వెళ్లాను. ఆంటీ నన్ను చూసి, గొంతు బాగా పలికిందా అని అడిగింది. కుండలోది మామూలు రకమట. నాటకంలో గంటసేపు మాట్లాడాలన్నాను కదా, గొంతుకి మేలుచేసేది, ఖరీదైనది లోపలుందని తెచ్చిందట. నాలిక కాస్త మొద్దుబారడం దాని గుణమట. "మై సన్ ఆల్సో లైక్ దట్, ఎవ్రీథింగ్ మస్ట్ బార్గెన్" అని మళ్లీ నవ్వింది. లోపలి బస్తాలో మంచి సరుకు కూడా ఉండొచ్చన్న ఆలోచన, ఇన్నేళ్ల కొట్టు బతుకులో నాకు రానేలేదు.

మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. మాది గుడ్డు కూడా గుమ్మం దాటి రాని ఇల్లు. మూడు కోళ్ల సంగతి ఏ నోటితో చెప్పను? అప్పట్నుంచీ అమ్మవారితో గుమ్మడికాయలకి బేరం నడుపుతున్నాను. ఆవిడ ఔననలేదు, కాదనలేదు. ఇప్పుడు మేముండే సెంబవాంగ్ ఫ్లాట్ల కింద అడవికోళ్లు తిరుగుతుంటాయి. పొద్దున్నే ఒక పుంజు సరిగ్గా మా కిటికీ కింద నిలబడి కూస్తుంది. "వస్తున్నా తల్లీ, వస్తున్నా" అంటాను. "డాడీ, హూ ఆర్ యూ టాకింగ్ టు?" అంటుంది మా అమ్మాయి. దుప్పటి కట్టుకుని వణుకుతున్న ఒక కుర్రాడు గుర్తొస్తాడు. పుట్టి బుద్ధెరిగాక నేను నోరారా ధర పెంచింది ఆ ఒక్క సాయంత్రమే.