ఆత్మకూరులో ఆగిపోయే కంప్యూటర్

అది 2005 ఎండాకాలం. కర్నూలులో ఒక మేడ కింద చిన్న గదిలో నేను కంప్యూటర్లు రిపేరు చేసేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్లలో డీటీపీ సెంటర్లు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. పెళ్లి పత్రికలు, బడి ప్రశ్నపత్రాలు టైపు చేసి ఇచ్చే ఆ సెంటర్ల నుంచే నాకు ఎక్కువ పని వచ్చేది.

ఒకరోజు ఆత్మకూరు నుంచి సుగుణ అనే ఆవిడ తన సీపీయూను పాత దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చింది. వాళ్లది వ్యాపారుల కుటుంబం. ఇంటి ముందు గదిలో కిరాణా కొట్టు, పక్క గదిలో కంప్యూటర్. భర్త పోయాక కొట్టు అత్త చూసుకుంటోంది, డీటీపీ పని ఈమె నేర్చుకొని నడుపుతోంది.

"ఆన్ అయితాది బాషన్నా. కొంచేపు ఉండి టక్కున ఆరిపోతాది. ఒక్కోసారి దానంతట అదే మళ్లా లేస్తాది. టైపు చేసిందంతా పోతాండాది" అంది.

"ఎప్పటి నుంచి?"

"వానాకాలం, చలికాలం బాగుంటాది. ఎండలు ముదిరితేనే ఇట్లా."

ఎండలు అనగానే వేడి వల్లే అనుకున్నాను. ప్రాసెసర్ మీద ఫ్యాన్ ఉంటుంది. అందులో దుమ్ము పేరుకుంటే ప్రాసెసర్ కాగిపోతుంది, కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. విప్పి దుమ్ము ఊదాను. ఫ్యాన్ కింద పేస్టు ఎండిపోయి ఉంటే మార్చాను. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. ఎస్.ఎం.పి.ఎస్. అని ఒక డబ్బా ఉంటుంది, గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసినట్టు తగ్గించి ఇచ్చేది అదే. దాన్నీ పరీక్షించాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నా బల్ల మీద కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఆమె తీసుకుపోయింది.

ఆ వారంలోనే ఫోన్ చేసింది. "మళ్లా అదే కథన్నా" అంది. ఆ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మా అత్త అంటాది, ఈ ఇంట్లో ఏదీ నిలబడదంట, నా చెయ్యి పడితే."

నా దగ్గర బాగా నడిచి, అక్కడ నడవడం లేదంటే తేడా కంప్యూటర్‌లో లేదు. మల్టీమీటర్, టెస్టర్ సంచిలో వేసుకొని ఆత్మకూరు బస్సెక్కాను. మల్టీమీటర్ అంటే కరెంటు ఎంత వస్తోందో అంకెల్లో చూపే చేతి పరికరం.

ప్లగ్గులో మీటర్ పెట్టి చూస్తూ కూర్చున్నాను. అంకె నిలకడగానే ఉంది. అంతలో వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని మొదలైంది. అంకె ఒక్కసారిగా పడిపోయింది, కంప్యూటర్ ఆరిపోయింది. అంతటితో ఆపకుండా, ఎందుకో టెస్టర్ తీసి సీపీయూ ఇనుప డబ్బాకు ఆనించాను. టెస్టర్‌లో బల్బు వెలిగింది, అంటే డబ్బా మీదికే కరెంటు వస్తోంది.

"దీన్ని ముట్టుకుంటే నీకేమన్నా తెలుస్తాందా తల్లీ?" అని అడిగాను.

"జుమ్మంటాదన్నా. కంప్యూటర్లన్నీ అంతేనేమో అనుకుంటి. మా పాపను మాత్రం దగ్గరికి రానియ్యను."

మెయిన్ ఆపేసి మీటర్ బోర్డు తెరిచాను. కరెంటు ఇంట్లోకి ఒక వైరులో వచ్చి, న్యూట్రల్ అనే ఇంకో వైరులో తిరిగిపోవాలి. ఆ ఇంట్లో న్యూట్రల్ ఎక్కడో తెగిపోయింది. దాన్ని వెతికి వేయకుండా, ఎవరో ఎర్త్ వైరుకు కలిపేశారు. పెరట్లో పాతిన ఇనుప గొట్టం దాకా పోయే వైరు అది. కరెంటు లీకైతే మనిషిని తాకకుండా భూమిలోకి పంపడం దాని పని. ఇక్కడ ఇల్లంతటి కరెంటూ దాని గుండానే భూమిలోకి పోతోంది. నేల తడిగా ఉన్నన్నాళ్లు పోతుంది. మన సీమలో ఎండాకాలం నేల సంగతి తెలిసిందే. గొట్టం చుట్టూ మట్టి గడ్డపారకు కూడా లొంగనట్టు ఎండిపోయి ఉంది. భూమి తీసుకోని కరెంటు వెనక్కి తన్ని, ఎర్త్ కలిసే మూడు పిన్నుల ప్లగ్గు ఉన్న ప్రతి ఇనుప వస్తువు మీదా నిలబడుతోంది. ఫ్రిజ్ కూడా మొదలైతే కంప్యూటర్‌కు కరెంటు చాలడం లేదు.

ఇదంతా సుగుణకు చెప్పాను. ఆమె ఆ గొట్టం వైపు చూసింది.

"అన్నా, కూలరుకు కూడా ఇదే వైరేనా?"

"అన్నిటికీ ఇదే."

ఆమె అరుగు మీద కూర్చుంది. రెండేళ్ల కిందట, ఇట్లాంటి ఎండల్లోనే, ఆమె భర్త బకెట్‌తో కూలరుకు నీళ్లు పోస్తూ పడిపోయాడట. ఆసుపత్రికి తీసుకుపోయేసరికే ప్రాణం లేదు. గుండెపోటు అన్నారు. ఆ పొద్దున మొగుడూ పెళ్లాలు పాప బడి గురించి మాటా మాటా అనుకున్నారు. శవం ఇంటికి వచ్చాక అత్త అందరి ముందూ, నీ నోరే నా కొడుకు గుండె ఆపింది అని అంది.

"అత్త అన్నందుకు కాదన్నా. నేను కూడా అదే అనుకుంటాండా, ఈ రెండేండ్లూ."

చెప్పకుండా ఉండలేను, తెలియనిది తెలిసినట్టు చెప్పనూ లేను. "ఆయన దేనివల్ల పోయినాడో నేను చెప్పలేను తల్లీ, డాక్టరును కాదు. అప్పటికే ఈ వైరు ఇట్లా కలిపి ఉంటే మాత్రం, తడిలో నిలబడి ఆ ఇనుప కూలరు పట్టుకున్న మనిషి బతకడం శానా కష్టం" అన్నాను.

"అప్పటికే కలిపినారు" అని వెనక నుంచి వినిపించింది. అత్త కొట్టులో నుంచి ఎప్పుడొచ్చిందో, గడపలో నిలబడి ఉంది. "నేనే కలిపిచ్చినా. ఆ ఎండాకాలం మొదట్లోనే లైట్లు ఆరిపోయినాయి. మావాడు సరుకుకు కర్నూలు పోయినాడు. వీధిలో పోయే వైరింగ్ మనిషిని పిలిస్తే చేసినాడు. లైట్లు వెలిగినాయని మజ్జిగ ఇచ్చి పంపిస్తి."

పెద్దామె గడప మీద కూర్చుంది. ఏడవలేదు. ఏమంటుందోనని కోడలి ముఖం వైపే చూసింది. నేను తల దించుకొని మీటర్ బోర్డు స్క్రూలు బిగించసాగాను.

సుగుణ లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. "తాగండత్తా" అంది. "మీకేం తెలుసు. మన ఇంట్లో ఎవురికి తెలుసు" అని పక్కనే కూర్చుంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఏడ్చారు. నేను పెరట్లోకి వెళ్లిపోయాను.

ఆ రోజే ఊళ్లో తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. ఇద్దరం కలిసి కొత్త న్యూట్రల్ వైరు లాగాం. పెరట్లో లోతుగా గుంత తీసి, తడి నిలవడానికి బొగ్గు, ఉప్పు వేసి కొత్త ఎర్తింగ్ వేశాం. కంప్యూటర్ ఆన్ చేసి, ఫ్రిజ్ వేసి, చీకటిపడే దాకా కూర్చొని చూశాను. ఆగలేదు.

అప్పటి నుంచి, కంప్యూటర్ ఆగిపోతోందని ఎవరు వచ్చినా డబ్బా విప్పకముందే ఇంటి గురించి అడుగుతాను. ముట్టుకుంటే ఏమైనా తెలుస్తోందా అని అడుగుతాను. ఎంతోమంది జుమ్మంటుందని మామూలుగా చెబుతారు. కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు మెయిన్ ఆపమంటాను. ఇంకొకటి కూడా ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. మీటర్‌లో కనబడింది దాచకుండా చెప్పాలి. ఆ పైన ఆ మనుషులు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకోవాలో వాళ్లకే వదిలేయాలి.

మరుసటి ఏడు ప్రింటర్ పని మీద మళ్లీ వెళ్లాను. పెద్దామె పెరట్లో బిందెతో ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోస్తోంది. ఎండాకాలం అప్పుడప్పుడు తడపమని పోయినసారి నేనే చెప్పాను. ఆమె రోజూ పోస్తోందని సుగుణ చెప్పింది.

"రాత్రి వాన పడింది కదా పెద్దమ్మా, ఈ పొద్దు అక్కర్లేదు" అన్నాను.

"ఉండనీలేప్పా" అని ఆమె బిందె మొత్తం ఒంపింది.