అమ్మ చెయ్యి ఆగిన ఎత్తు

రాష్ట్ర సరిహద్దున ఉన్న కుంట బజారులో ముప్పై ఏళ్ళుగా హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్నాను. నా పేరు రామ్‌ప్రసాద్. మేకులు, బోల్టులు, పైపులు, నల్లాలు, తాళాలు, ఇల్లు కట్టుకునేవాడికి ఏం కావాలన్నా నా దగ్గర దొరుకుతుంది. అయితే నేను చెప్పబోయేది నా సంగతి కాదు, నా భార్య దుర్గాభవాని సంగతి. అది చెప్పాలంటే ముందు నా పరువు నేనే కాస్త తీసుకోవాలి. ఊరందరికీ నల్లాలు అమ్మే నా ఇంట్లో వంటింటి నల్లా ఎనిమిది నెలలపాటు కారింది.

భవాని అడిగినప్పుడల్లా "రేపు చూస్తా" అనేవాణ్ణి. ఒకరోజు పొద్దున్నే, దుకాణం ముందు గిరాకీ కిటకిటలాడే వేళ, ఆమె చెప్పులేసుకుని వీధి చుట్టూ తిరిగి వచ్చింది. ఇంట్లోంచి దుకాణంలోకి తలుపుంది. అయినా ముందువైపు నుంచే వచ్చి, నలుగురితోపాటు కౌంటర్ దగ్గర నిలబడింది.

"అరంగుళం నల్లాకు వాషర్ ఒకటి ఇయ్యండి సేటూ" అంది.

అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "ఇంటికి పో. మధ్యాహ్నం నేనొచ్చి చూస్తా" అన్నాను పళ్ళు నూరుతూ.

"మీ మధ్యాహ్నం ఎప్పుడొస్తదో నాకెరుకే. వాషర్ ఇయ్యండి. ఎట్ల మార్చాలో కూడా చెప్పండి. గిరాకీకి చెప్పరా ఏంది?"

చెప్పక ఏం చేస్తాను? పానాతో పైనున్న నట్టు విప్పమన్నాను. కాడ బయటికి వస్తుంది, దాని అడుగున అరిగిపోయిన రబ్బరు బిళ్ళ ఉంటుంది, అది పీకి కొత్తది పెట్టమన్నాను. ట్యాంకు దగ్గర వాల్వు కట్టెయ్యాలని మాత్రం ఆ కోపంలో చెప్పడం మరిచిపోయాను. పావుగంటకి భవాని తల నుంచి కాళ్ళదాకా తడిసి, పానా చేతిలో పట్టుకుని మళ్ళీ కౌంటర్ దగ్గరికి వచ్చింది. ఆమె నన్ను ఏమందో ఇక్కడ రాయను. సాయంత్రానికి నల్లా కారడం మాత్రం ఆగింది.

ఆ రోజుతో ఆమెకి చెయ్యి తిరిగింది. పైపు మర మీద తెల్ల టేపు చుట్టేటప్పుడు మర తిరిగే వైపే చుట్టాలని, లేకపోతే బిగించేకొద్దీ ఊడిపోతుందని రెండుసార్లు చెడగొట్టి తెలుసుకుంది. కిర్రుమనే తలుపు బందులకు నూనె వేసింది, వంగిన తలుపు ఎత్తి సరిచేసింది. దుకాణంలో ఎవరైనా ఆడమనిషి కొత్త నల్లా అడిగితే, లోపల్నుంచే "పాతది పారేయకమ్మా, వాషర్ మార్చుకో, నేర్పిస్తా" అని కేకేసేది. నా వ్యాపారానికి ఇంతకంటే పెద్ద శత్రువు ఎవరూ అక్కర్లేదు!

ఆమెకి ఇంకో అలవాటు కూడా ఉంది. ఏది బిగించినా ముందు తనే దాన్ని పట్టుకుని వేలాడి చూస్తుంది. బట్టల కొక్కెమైనా అంతే, సామాన్ల అటకైనా అంతే. "ఊడేదుంటే నా మీదనే ఊడనీ" అంటుంది. పెళ్ళైన కొత్తలో ఈ పిల్ల ఇంత మొండిదని నాకెవరూ చెప్పలేదు.

పోయిన వానాకాలం మా అమ్మ అన్నపూర్ణమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. భద్రాచలంలో ఆపరేషన్ చేశారు. వాకరు పట్టుకుని ఇంట్లో నడవగలుగుతుంది కానీ, తడి నేల మీద కూర్చుని లేవాలంటే ఇంకొకరు పట్టుకోవాలి. స్నానానికైనా, దొడ్డికైనా భవానే తోడు వెళ్ళేది. లోపల ఇంకోసారి పడితే తలుపు తియ్యడం కష్టమని గదికి గడియ కూడా పీకేసింది. అమ్మ దీనికి ఒక్క మాటా అనలేదు. ఎవరినీ ఏదీ అడిగే అలవాటు ఆమెకి చిన్నప్పటి నుంచీ లేదు.

ఫాల్గుణ మాసంలో ఆమెకి జ్వరం తగిలింది, మూత్రంలో మంట. డాక్టరు చూసి, నీళ్ళు తాగకపోతే కిడ్నీలు దెబ్బతింటాయని కసిరాడు. ఇంటికొచ్చాక భవాని మంచం పక్కనున్న చెంబు ఎత్తి చూసింది. పొద్దున నింపిన నీళ్ళు నింపినట్టే ఉన్నాయి.

"ఏందత్తమ్మా ఇది? దూప కాదా నీకు?"

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "తాగితే లోపలికి పోవాలె. పోవాలంటే నిన్ను పిలవాలె. నీ ముందల నేను..." అని ఆగిపోయింది. మళ్ళీ, "తాగకుంటే పిలిచే పనే ఉండదు గదనే" అంది.

మా అమ్మ నెలల తరబడి దాహం బిగబట్టుకుని పడుకుంటే, నేను పక్కగదిలో కూర్చుని ఊరికి నీళ్ళ పైపులు అమ్ముతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"పట్టుకుని లేచేందుకు గోడకు కడ్డీ బిగిద్దాం" అంది భవాని. అప్పటికప్పుడు దుకాణంలోంచి స్టీలు కడ్డీ, డ్రిల్లు, గోడలో దిగే ప్లాస్టిక్ గిట్టీలు, పెద్ద స్క్రూలు తెచ్చి ముందు పెట్టాను. "దీనికి ఏనుగు వేలాడినా ఊడదు" అని గొప్పలు పోయాను. భవాని డ్రిల్లు పెట్టింది. అది వెన్నలోకి దిగినట్టు దిగింది, ఎర్రటి పొడి రాలింది. ఆమె ఆగి నావైపు చూసింది. "కానియ్" అన్నాను నేను, అంతా తెలిసినవాడిలాగా.

బిగించడం అయ్యాక అమ్మ వాకరు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడింది. భవాని రెండు చేతులా కడ్డీ పట్టుకుని వెనక్కి వాలింది. అంతే! కడ్డీ, స్క్రూలు, పళ్ళెమంత గిలాబా పూత పెచ్చు, గుప్పెడు మట్టి, అన్నీ కలిసి ఊడొచ్చాయి. భవాని వెల్లకిలా పడింది. దెబ్బ పెద్దగా తగల్లేదు కానీ అమ్మ ముఖం పాలిపోయింది.

"నేను పట్టుకోను. ఇంక మీరేం చేసినా నేను ముట్టను" అని వాకరు తిప్పుకుని వెళ్ళిపోయింది. ఆ పూట మజ్జిగ కూడా తాగలేదు.

మర్నాడు నేను ఇంకా పొడుగు స్క్రూలు వేసి, గుంత నిండా సిమెంటు కూరాను. ఆరాక భవాని వేలాడింది, సిమెంటు ముద్ద మొత్తంగా చేతికొచ్చింది. "మీ ఏనుగు ఇంకోసారి పడిపోయింది" అంది మోచెయ్యి రుద్దుకుంటూ. నవ్వు రాలేదు నాకు.

ఆ రోజే కేసా మేకుల కోసం వచ్చాడు. కేసా దోర్ల తెగ మనిషి. కుంటకు అవతల ఊళ్ళలో ఇళ్ళు కట్టడం అతని పని, నాతో తెలుగు, ఆఫీసులో హిందీ, ఇంటికెళ్ళి దోర్లీ మాట్లాడతాడు. భవాని అతన్ని లోపలికి తీసుకెళ్ళి గోడ చూపించింది. అతను గుంతలో వేలు పెట్టి కాస్త మట్టి రాల్చి, నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏంది నవ్వుతున్నవ్?" అన్నాను చిరాగ్గా.

"నవ్వనా మరి సావుకారీ? ఇది మట్టి. మీద సిమెంటు చొక్కా తొడిగినవ్."

నిజమే. అవి మా నాన్న పెట్టించిన పచ్చి ఇటుక గోడలు. శబరి నది వరద ఇంట్లోకి వచ్చిపోయిన ఏడాది నేను సిమెంటు గిలాబా చేయించి రంగులేయించాను. పక్కా ఇల్లు, పక్కా ఇల్లు అని పదిమందికీ చెప్పుకుని, చివరికి నేనే నమ్మేశాను. ముప్పై ఏళ్ళ హార్డ్‌వేరు తలకాయ ఇది!

"మనిషి బరువు తెచ్చి గోడ మీద ఏస్తరా ఎవరన్నా?" అన్నాడు కేసా. "మా ఇండ్లల్ల గోడ అంటే గాలికి, పందులకు అడ్డం. అంతే. ఇంటిని మోసేది గుంజలు. నీ ఇల్లు గోడల మీద ఉన్నదనుకుంటున్నవా? పైకి చూడు, దూలం ఏడికి పోతున్నదో. ఆడ గోడల గుంజ ఉన్నది. అది పాతింది మా అయ్యనే."

మేమిద్దరం తలెత్తి దూలం వంక చూశాం. భవానికి ముందు తట్టింది.

"అయితే గోడతోటి మనకేం పని? మనం గూడ గుంజలే పాతుదాం. కట్టెవి నీళ్ళకు చీకిపోతయి. దుకాణంల రెండంగుళాల ఇనప పైపులు ఉన్నయి గదండీ!"

నేను వెంటనే పైపులు మోసుకొచ్చాను. గచ్చు పగలగొట్టి, నీళ్ళు పోయే తూముకు దూరంగా, కేసా ఒకటిన్నర అడుగుల లోతు గుంతలు రెండు తవ్వాడు. ఒకటి స్నానం పీట దగ్గర, ఇంకోటి అదే గదిలోని దొడ్డి పక్కన. పైపులు పైన దూలానికి ఆనేలా నిలబెట్టి అక్కడ పట్టీలతో బిగించాం. కింద కంకర, సిమెంటు పోశాం. ఇక రెండింటికీ మధ్య అడ్డకడ్డీ రావాలి. నేను టేపు తీసి నేల నుంచి మూడడుగులు కొలిచి గుర్తు పెట్టబోయాను. భవాని నా చేతిలోని సుద్దముక్క లాక్కుంది.

"కడ్డీ పట్టుకునేది మీరా, అత్తమ్మనా?"

అమ్మ రానంది. "నువ్వేం ముట్టొద్దు, ఊరికె వచ్చి కూసో" అని భవాని బతిమాలి తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టింది. "ఇప్పుడు లెవ్వాలె అనుకో. చెయ్యి ఎటు పోతదో పోనియ్యి."

అమ్మ చెయ్యి మెల్లగా పైకి లేచింది, గాలిలో ఒకచోట ఆగింది. భవాని ఆ ఎత్తుకు సరిగ్గా పైపు మీద గీత గీసింది. నా కొలతకు అది జానెడు కింద ఉంది. అమ్మ అంతగా ఎప్పుడు కుంగిపోయిందో నేను గమనించనే లేదు. రోజూ చూస్తూనే ఉన్నాను కదా అనుకున్నాను.

గీత దగ్గర అడ్డకడ్డీని యూ బోల్టులతో బిగించి, చెయ్యి జారకుండా పాత సైకిలు ట్యూబు కోసి దానికి తొడిగింది భవాని. కాంక్రీటు గట్టిపడే దాకా ఎవరూ ముట్టుకోకూడదంది. పూటపూటా నీళ్ళు చల్లింది. అమ్మ రోజూ పొద్దున, ఏదో మాటవరసకి అడిగినట్టు, "అయిందానే?" అని అడిగేది. "ఇంక కాలే అత్తమ్మా" అనేది భవాని. చెంబులో నీళ్ళు మాత్రం ఇంకా అలాగే మిగులుతున్నాయి. భవాని మందలిస్తే నాలుగు గుటకలు, అంతే.

ఆరో రోజు పొద్దున భవాని కొంగు దోపుకుని కడ్డీ పట్టుకుని, కాళ్ళు మడిచి బరువంతా దాని మీదే వేసి వేలాడింది. ఊగింది కూడా. కడ్డీ కదల్లేదు. అమ్మ గుమ్మంలోంచి చూస్తూ పెదవి విరిచింది.

"నువ్వు చీపురుపుల్లంత ఉన్నవ్. వాణ్ణి వేలాడమను."

నేను ఎనభై ఎనిమిది కిలోలు ఉంటాను. లుంగీ ఎగ్గట్టి, దేవుడా అనుకుంటూ పట్టుకుని మోకాళ్ళు మడిచాను.

"ఊగరా! ఊరికె పట్టుకుంటే ఎట్ల తెలుస్తది?" అంది అమ్మ.

ఊగాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, స్నానాల గదిలో కోతిలాగా ఊగాను. ఏదీ ఊడలేదు, ఎక్కడా చప్పుడు కూడా రాలేదు. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తుంటి విరిగాక ఆమె నవ్వు వినడం నాకదే మొదటిసారి.

తరువాత ఆమె తలుపు వైపు చూసింది. "గడియ ఏది?"

"గడియ ఎందుకమ్మా? ఏదన్నా అయితే..." అన్నాను.

"ఏదన్నా అయితే తలుపు పగలగొట్టు. కొత్త తలుపు పెట్టించుకోలేవా, ఇంత పెద్ద దుకాణం పెట్టుకుని?"

భవాని అప్పటికే లోపలికి వెళ్ళి ఒక రేకు డబ్బా తెచ్చింది. పీకేసిన గడియ, దాని నాలుగు స్క్రూలు అందులో దాచిపెట్టి ఉంచింది. తలుపులో పాత కన్నాలు వదులయ్యాయి. వాటిలో రెండేసి అగ్గిపుల్లలు విరిచి కూరి, స్క్రూలు తిప్పింది. గడియ గట్టిగా కూర్చుంది. దాన్ని కూడా ఒకసారి లాగి చూసింది.

అమ్మ వాకరుతో లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. భవాని కొంచెం దూరంలో చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది కానీ ఒక్కటీ వొలవడం లేదు. లోపల నల్లా తిప్పిన చప్పుడు, నీళ్ళు పడుతున్న చప్పుడు. తరువాత కాసేపు ఏమీ లేదు. నేను తలుపు తట్టాను.

"అమ్మా!"

"ఉన్నలేరా. ఆడమనిషి స్నానం చేస్తుంటే తలుపు కాడ నీకేం పని? దుకాణానికి పో!"

నేను పోలేదు. చాలాసేపటికి గడియ తీసి అమ్మ బయటికొచ్చింది. తల తడిగా ఉంది, చీర తనే కట్టుకుంది. ఎవరి వంకా చూడకుండా వాకరు నెట్టుకుంటూ వెళ్ళి మంచం మీద కూర్చుని ఊపిరి పీల్చుకుంది.

"భవానీ" అని పిలిచింది. "నీళ్ళియ్యవే. గొంతు ఎండిపోతున్నది."

భవాని నిండా నింపిన చెంబు అందించింది. అమ్మ తలెత్తి గటగటా తాగింది, మెడ మీదుగా కారుతున్నా పట్టించుకోలేదు. ఖాళీ చెంబు చూసుకుని, మళ్ళీ భవాని వైపు చాచింది.

"ఇంకో చెంబు పొయ్యి."