బైబిలులో పెన్సిల్ గీతలు

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలకు ఒకావిడ మా గేటు తీసుకుని లోపలికి వచ్చింది. నా భార్య పోయి అప్పటికి ఏడు వారాలు. వచ్చినావిడది దగ్గర్లోని పాల్మాకుల ఊరు. విమానాశ్రయంలో ఊడ్చి తుడిచే పని. ఒకప్పుడు చర్చిలో నా భార్య పక్కన కూర్చునేది. ఆదివారం పొద్దున షిఫ్టు పడ్డప్పటి నుంచి వెళ్ళడం లేదు.

"సార్, అక్క బైబిల్ జర ఇస్తరా? ఈడనే కూసొని చదువుకొని పోత."

"ఇంటికి తీసుకుపో."

"వద్దు సార్. ఇంట్ల టీవీ మొత్తుకుంటది."

కుర్చీ వేసినా వరండాలో కిందే కూర్చుంది. యూనిఫాంకు కొంగు ఉండదు కాబట్టి జేబురుమాలు తలమీద కప్పుకుంది. విమానం ఇంటి మీదుగా దిగినప్పుడల్లా ఆగి, అది పోయాక ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివేది. కాసేపటికి ఒక పేజీ మీద వేలు పెట్టింది.

"ఈ గీతలు అక్క గీసిందా?"

నేను తల ఊపాను. టీ పెడతానని లోపలికి వెళ్ళాను.

ఆ గీతలు నావి. ఇరవై ఏళ్ళు నా భార్యను ప్రతి ఆదివారం చర్చి దగ్గర దింపి, బయట స్కూటర్ మీద పేపరు చదువుకున్నవాణ్ణి నేను. లోపల చదివే పుస్తకాన్ని ఆసుపత్రిలోనే మొదటిసారి తెరిచాను, ఆమె మంచం పక్కన వేరే పుస్తకం లేక. మనుషులు దేవుణ్ణి నిలదీసిన చోట్లు అందులో చాలా ఉన్నాయి. వాటి కింద గీశాను. భక్తితో కాదు, కోపంతో. నా భార్య చూసింది.

"గీస్తె గీసిండ్రు గని, పెన్నుతోటి గీయకుండ్రి. రేపు మనసు మారితే తుడుసుకోవాలె గద."

"ఎవరి మనసు? నాదా, నీదా?"

"ఎవలదైన."

అప్పటి నుంచి రోజూ సాయంత్రం, "ఇయ్యాల ఏం గీసిండ్రు?" అని అడిగేది. చదివి వినిపించేవాణ్ణి. కళ్ళు మూసుకుని వినేది.

తర్వాతి ఆదివారం పాల్మాకులావిడ మరో ఇద్దరితో వచ్చింది. ఆ పై వారం విమానాశ్రయంలో సామాన్ల బెల్టు దగ్గర పనిచేసేవాళ్ళు కూడా వచ్చారు. పాటలు లేవు, ప్రసంగం లేదు. గీతలున్న చోట్లే చదివేవారు. ఫోన్లలో ఫోటోలు తీసుకుని, రాలేనివాళ్ళకు పంపుకునేవారు. వాటికి "అక్క గీతలు" అని పేరు కూడా పెట్టుకున్నారు. నేను వాళ్ళతో కూర్చోలేను, ఇల్లు వదిలి పోలేను. వంటింట్లో టీ కాస్తూ, నా కోపాన్ని నా భార్య పేరు మీద చదువుతుంటే వింటూ ఉండేవాణ్ణి.

ఒక బుధవారం ఆ చర్చి పాస్టరుగారు వచ్చారు. పెద్దాయన, గుంటూరు వైపు మనిషి.

"ఆదివారం నా ఎదురుగా మనుషుల కంటే ఖాళీ కుర్చీలే ఎక్కువండి. మీ ఇంటికొచ్చేవాళ్ళకు బైబిలు కావాలి, చర్చి వద్దు. మీరొక మాట చెబితే వస్తారేమో."

గీతలు నావేనని ఆయనకు నిజం చెప్పేశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

"వాళ్ళకు చెప్పేయండి మరి," అన్నారు. మళ్ళీ తనే, "చెబితే మీ దగ్గరికి రావడం మానేస్తారు. అలాగని నా దగ్గరికి వస్తారన్న నమ్మకం లేదండి," అన్నారు.

"చెప్పకపోతే అబద్ధం కదా."

"అదీ నిజమే," అని లేచి చెప్పులు వేసుకున్నారు.

ఆ ఆదివారం చెప్పేద్దామనుకున్నాను. పాల్మాకులావిడ అందరికంటే ముందు వచ్చింది. నేను నోరు తెరిచేలోగా ఆమే మొదలుపెట్టింది.

"మా బిడ్డ జరమొచ్చి పోయినప్పుడు అందరు దేవుని చిత్తమన్నరు సార్. నాకు మస్తు కోపముండె. దేవుని మీద కోపం పాపమని నోరు మూసుకున్న. అక్కసుంటి మనిషికి గూడ కోపమొచ్చిందని ఈ గీతలు చూసినంక తెలిసింది. ఇగ జర నిద్ర పడ్తున్నది."

"ఆ కోపం నాదైతే?" అన్నాను.

ఆమె నవ్వింది. "మీకెందుకొస్తది సార్? మీరు నమ్మరు గద."

నేను లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించాను.

ఇప్పటికీ ఆదివారం మూడున్నర దాటితే ఎక్కడికీ వెళ్ళను. గేటు గడియ తీసి ఉంచుతాను. రబ్బరు కొన్నాను, సొరుగులో ఉంది. ఫోన్లలోకి వెళ్ళిన గీతల్ని తుడవడం దాని వల్ల కాదు. పుస్తకాలు చదువుతూనే ఉన్నాను. వాటిలో గీతలు గీయడం మానేశాను.