అనురాధ పేరుతో తెరిచిన కంప్యూటరు

ఫణి చేసే ఉద్యోగం ఏమిటో వాళ్ళమ్మకే ఇప్పటికీ అంతుపట్టలేదు. తెనాలిలో ఒక రక్తపరీక్షల ల్యాబు, దానికి బాపట్లలో, రేపల్లెలో బ్రాంచీలు. అందరి రిపోర్టులూ తెనాలి సర్వర్లోనే ఉంటాయి. అందులోకి వెళ్ళడానికి తలా ఒక పేరూ పాస్‌వర్డూ పెట్టి లాగిన్లు తయారుచేసేది ఫణి. ఎవరు ఏ రిపోర్టు ముట్టుకున్నా వాళ్ళ పేరు అక్కడ పడుతుంది.

పడుతుందనుకున్నాడు పాపం! రేపల్లెలో పొద్దున్నే షట్టరు తీసేది అనురాధ. ఆమె తన పేరుతో కంప్యూటరు తెరిస్తే సాయంత్రం దాకా అందరూ దాని మీదే కానిచ్చేస్తారు. ఒకరు వెలిగించిన పొయ్యి మీద నలుగురూ వండుకున్నట్టు. "ఎవరి లాగిన్ వాళ్ళు వాడండమ్మా" అని ఫణి ఫోన్లో మొత్తుకునేవాడు. "అలాగేనండి" అనేవాళ్ళు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

చివరికి కొంప మునగనే మునిగింది. నిజాంపట్నం సింగయ్య షుగరు రిపోర్టులో ఎవరో ఇంకొకరి అంకెలు ఎక్కించారు. ఆ లెక్కన మందు మింగి ఆయన పడవ మీదే పడిపోయాడు. బతికాడు, అంతే చాలు. సర్వర్లో చూస్తే అనురాధ పేరుంది.

మేనేజరు మనోహర్ ఆమెను తెనాలి రమ్మన్నాడు. పిచ్చిది, ఆ రోజు కూడా షట్టరు తీసి, కంప్యూటరు తెరిచిపెట్టి మరీ రైలెక్కింది.

"నేనప్పుడు లోపల బ్లడ్డు తీస్తున్నానండి. ఫణి అన్నయ్యా, మీరైనా చెప్పండి" అని ఏడ్చింది. వాళ్ళింట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే.

"పేరైతే ఉంది గానీ సార్, అక్కడ అందరూ..." అని ఫణి నసిగాడు.

"ఉందా లేదా? ఇవాళ్టితో ఈమెకి ఉద్యోగం లేదు. లాగిన్ తీసెయ్."

ఫణి తీయబోయాడు. సర్వరు ఒప్పుకోలేదు. ఆ పేరుతో ఎవరో పనిలో ఉన్నారంది. ఫణికి ప్రాణం లేచొచ్చింది.

"చూడండి సార్! అనురాధ మన ముందే ఉంది. రేపల్లెలో ఈమె పేరుతో ఇంకెవరో పనిచేస్తున్నారు, ఇప్పుడే!"

మనోహర్ చూశాడు. చూసినవాడు తల పక్కకు తిప్పుకున్నాడు.

"సింగయ్య మనుషులు కింద కూర్చున్నారు. వాళ్ళకి ఎవరో ఒకరి పేరు చెప్పాలి గదయ్యా. ముందు ఆ కనెక్షన్ తెంపు, తర్వాత తీసెయ్."

ఏం చేస్తాడు? తెంపాడు, తీసేశాడు. అంతలోనే అనురాధ ఫోను మోగింది. రేపల్లె బ్రాంచీలో తనతో పనిచేసే కుమారి.

"అనూ, కంప్యూటరు ఆగిపోయిందే! నీ పాస్‌వర్డేంటో చెప్పవే, జనం ఉన్నారు."

అనురాధ ఫోను ఫణి చేతిలో పెట్టింది.