మూడో స్థానం ఎవరిది?

ఆకివీడు ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, స్మార్ట్‌ఫోన్ల పోటీలో మూడో స్థానం ఎవరిదో ఈ సాయంత్రం టీ కొట్టు దగ్గర తేలిపోయింది. మొదటి రెండు స్థానాలూ లోకమంతా వాడే ఫోన్లవే కాబట్టి ఆ గొడవ మనకొద్దు.

కిరాణా కొట్టు సత్యనారాయణ గారిది తెర నిండా రంగుల గళ్లుండే ఫోను. జాన్ మాస్టారిది తెర కింద బుల్లి బటన్లు నొక్కే స్మార్ట్‌ఫోను. ఆ కంపెనీలు రెండూ ఎప్పుడో చేతులెత్తేశాయి, వీళ్లిద్దరూ ఎత్తలేదు. ఏ రకం ఫోను ఎక్కువమంది దగ్గరుంటే అదే గెలిచినట్టు. మాకు తెలిసినంతలో చెరొకటే ఉండడంతో పోటీ తెగలేదు. ఓడినవారు అందరికీ టీ ఇప్పించాలని పందెం వేసుకుని, నన్ను తీర్పు చెప్పమన్నారు.

"జంగారెడ్డిగూడెంలో మా బావమరిదిది కూడా గళ్ల ఫోనేనండీ" అన్నాను.

అంతే, గళ్ల ఫోను గెలిచింది. మాస్టారు మొహం మాడ్చుకుని టీలు చెప్పారు. సత్యనారాయణ గారు మాత్రం టీ ముట్టకుండా నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏవండీ, ఆయన దగ్గర ఛార్జరుంటుందా? నాది నిన్న కాలిపోయిందండీ. పొద్దున్నే బస్సెక్కేస్తాను."

"ఛార్జరే లేని ఫోనుకి మూడో స్థానమేంటండీ!" అంటూ మాస్టారు ఎగిరి గంతేశారు.

ఇప్పుడు నిజం చెప్పేస్తున్నాను. నాకసలు బావమరిదే లేడు. జంగారెడ్డిగూడెంలో గళ్ల ఫోనున్న మహానుభావులెవరైనా ఉంటే, ఆ బస్సు చేరేలోగా కామెంటు పెట్టండి. రేపొక్కరోజుకి మీరే నా బావమరిది.